తెరచాప పడవలో చేతి ఫోను

తెనాలిలో ఎక్కిన రైలు రేపల్లె స్టేషను చేరగానే పట్టాలు ముగుస్తాయి. అక్కడినుండి నిజాంపట్నం వరకు రోడ్డున్నది. నిజాంపట్నం రేవులో ఆ రోడ్డు కూడ ముగుస్తుంది. ఆపైన ఉన్నదంతా నీరే. నీటిమీద మైలురాయి లేదు, మలుపు లేదు, దారి అడుగుటకు టీకొట్టు లేదు. నాలుగు దిక్కుల ఒకే విధంగా కనిపించే ఆ బయలులో పడవ నడిపేవాడు తానెక్కడ ఉన్నాడో, ఎటు పోవలెనో ఎట్లు తెలుసుకొనును?

ఈ ప్రశ్నకు నేటి విద్యార్థి తడుముకొనకుండ జవాబు చెప్పుతాడు: "ఫోను ఉన్నది గదా సార్!" ఆ జవాబు తప్పు గాదు. ఐతే అది సగం జవాబు మాత్రమే. మిగిలిన సగం తెలియక సముద్రం మీదికి పోయినవానికి ఫోను లేకపోవుటకంటె ఫోను ఉండుటే ఎక్కువ ప్రమాదం కావచ్చును. మన కళాశాలకు తీరగ్రామాలనుండి వచ్చే విద్యార్థులు కొందరున్నారు. వారి ఇండ్లలో పెద్దలు నేటికీ వేటకు పోవుచున్నారు. కనుక ఈ విషయం కేవలం కాలక్షేపానికి చదివి పక్కన పెట్టదగినది కాదని నా అభిప్రాయం.

మన తీరానికి ఓడలు క్రొత్తవి గావు. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి ఒకప్పుడు గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ సముద్ర వర్తకులకు అభయమిచ్చుచు శాసనం వేయించినాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును రాజులు స్వాధీనం చేసికొనే పాత ఆచారాన్ని మాన్పి, నిర్ణీతమైన సుంకం తప్ప వేరేమీ తీసికొనబోమని అందులో హామీ ఉన్నది. దారి తప్పిన ఓడలు, పగిలిన ఓడలు ఎంత మామూలు విషయమో ఆ శాసనమే చెప్పుచున్నది. నిజాంపట్నాన్ని ఆనాటి ఐరోపావారు పేటపోలి అని వ్రాసుకొనిరి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి 'గ్లోబ్' అనే ఓడ 1611లో ఈ రేవుకు వచ్చినది.

ఆ కాలపు నావికులకు ఆకాశమే పటం. హిందూ మహాసముద్రంలో తిరిగిన అరబ్బు నావికుల వద్ద 'కమాల్' అనే చిన్న సాధనం ఉండేది. అది ఒక చెక్కపలక. దాని నడుమ ఒక దారం, దారానికి ముడులు. దారం కొసను పండ్లతో పట్టుకొని, పలక అడుగుఅంచు దిఙ్మండలానికి, పైఅంచు ధ్రువనక్షత్రానికి తాకునట్లు పలకను ముందుకు వెనుకకు జరిపి, ఎన్నవ ముడి వద్ద సరిపోయినదో చూచెడివారు. దానినిబట్టి తాము ఎంత ఉత్తరాన ఉన్నదీ తెలిసేది. పదునైదవ శతాబ్దిలో అహ్మద్ ఇబ్న్ మాజిద్ అనే నావికుడు ఇట్టి విద్యను గ్రంథస్థం చేసినాడు. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వినబడుతాయి గనుక ఇక్కడ ఒక ముచ్చట చెప్పవచ్చును. మన జాలరులు అనే 'లంగరు', 'సరంగు' అనే మాటలు పారసీకంనుండి వచ్చినవి. 'మాన్సూన్' అనే ఇంగ్లీషు మాటకు మూలం అరబ్బీలోని 'మౌసిమ్'. ఉర్దూలో మనం రోజూ వినే 'మౌసమ్' కూడ అదే. దిక్సూచిని ఉర్దూలో 'కుత్బ్‌నుమా' అంటారు, అనగా ధ్రువాన్ని చూపేది. సముద్రం మీద మాటలకు ఎల్లలు లేకపోయినట్లున్నది.

ధ్రువనక్షత్రం ఎత్తు ఎన్ని డిగ్రీలో మన అక్షాంశం కూడ దాదాపు అన్ని డిగ్రీలే. తెనాలిలో అది సుమారు 16. చేయి చాచి పిడికిలి బిగించి ఒంటికన్నుతో చూచిన ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అనగా మన ఊరి ఆకాశంలో ధ్రువనక్షత్రం దిఙ్మండలానికి ఒకటిన్నర పిడికిళ్ళకు కాస్త పైన ఉండును. ఏ చదువరియైనా ఈ రాత్రియే మేడమీద నిలబడి సరిచూచుకొనవచ్చును.

ఇక ఫోను సంగతి. తరగతిలో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "నడిసముద్రంలో టవర్లు ఉండవు గదా, ఫోను దారి ఎట్లు చూపుతుంది?" మంచి ప్రశ్న. చాలమంది పెద్దలకు కూడ దీనికి సరియైన సమాధానం తెలియదు.

ఫోనులో రెండు వేర్వేరు రేడియోలున్నవని ముందు గ్రహించవలెను. ఒకటి మాటలకు, ఇంటర్నెట్టుకు పనికివచ్చేది. దానికి ఒడ్డున టవరు కావలెను. తీరం నుండి కొంత దూరం పోగానే అది మూగబోతుంది. రెండవది కేవలం వినే రేడియో. అది ఏమీ పంపదు. చాల ఎత్తున, జి.పి.ఎస్. ఐతే సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, తిరుగుచున్న ఉపగ్రహాల పలుకులను అది వింటుంది. అమెరికావారి జి.పి.ఎస్., రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బైడూ, మన నావిక్ అన్నియు ఈ కోవకు చెందినవే. దీనికి టవరుతో పనిలేదు, సిమ్ కార్డుతో పనిలేదు, నెలసరి రీచార్జితో పనిలేదు. బాపట్ల బజారులో ఎట్లు పనిచేయునో బంగాళాఖాతం నడుమ కూడ అట్లే పనిచేయును. ఆ మాటకు వస్తే సముద్రం మీద ఇంకా బాగుగా పనిచేయును. అక్కడ ఆకాశానికి అడ్డువచ్చే మేడలు, చెట్లు లేవు.

ఆ ఉపగ్రహం పలికేది ఒక్కటే మాట: "నేను ఫలాని చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత." రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది గనుక ఆ మాట మనల చేరుటకు సెకనులో సుమారు పదునైదవ వంతు పట్టును. ఎంత ఆలస్యంగా చేరినదో తెలిసిన, ఉపగ్రహం ఎంత దూరమున ఉన్నదో తెలియును. మూడు ఉపగ్రహాలనుండి దూరాలు తెలిసిన మన స్థానం తెలియవలెను. కాని నాలుగవది కూడ అవసరం. ఏలననగా ఉపగ్రహంలో అణుగడియారం ఉండును, మన ఫోనులో ఉన్నది చౌకరకపు గడియారం. సెకనులో పదిలక్షలవ వంతు తప్పు చెప్పిన దూరంలో 300 మీటర్ల తప్పు వచ్చును. ఆ తప్పును లెక్కగట్టి తీసివేయుటకే నాలుగవ ఉపగ్రహం. ఇట్లు లెక్కించి ఫోను మన స్థానాన్ని బయలు ప్రదేశంలో సుమారు 5 మీటర్ల తేడాలో చెప్పగలదు.

మొత్తం వ్యవహారానికి గడియారమే ప్రాణం. మన దేశపు నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోటనుండి లేచినది. దానిలోని మూడు అణుగడియారాలును కొన్నేండ్లలోనే ఆగిపోయినవి. ఉపగ్రహం ఆకాశంలో పదిలంగా ఉన్నను దారి చూపుటకు మాత్రం పనికిరాకపోయినది. తరువాత 2023 మే 29న పంపిన ఎన్.వి.ఎస్.-01 లో మన దేశంలో తయారైన అణుగడియారం అమర్చిరి.

స్థానం తెలిసినది. అంతమాత్రాన దారి తెలిసినట్లు కాదు. ఫోను ఉపగ్రహాలవలన తెలుసుకొనునది ముఖ్యంగా రెండు అంకెలు: అక్షాంశం, రేఖాంశం. ఆ అంకెలను చుక్కగా చూపుటకు కావలసిన పటం ఆకాశంనుండి దిగిరాదు. అది ఇంటర్నెట్టునుండి వచ్చును. కనుక ఒడ్డున ఉండగా పటాన్ని ఫోనులో దించుకొననివానికి పది మైళ్ళు పోయిన తరువాత ఖాళీ తెరమీద నీలిచుక్క ఒకటి మిగులును. నేను చూచిన అపార్థాలలో ఇదియే పెద్దది. పైగా మనం రోజూ వాడే రోడ్డు పటాలలో సముద్రం ఒకే నీలిరంగు, లోతులుండవు, మేటలుండవు. నావికులకు కావలసినది లోతులు గుర్తించిన సముద్రపటం. మన దేశంలో అట్టివాటిని డెహ్రాడూన్‌లోని జాతీయ జలసర్వే కార్యాలయం తయారుచేయును.

ల్యాప్‌టాప్, టాబ్లెట్, ఫోను మూడింటిలో పడవకు ఏది మేలు? దేని గుణం దానిదే. ల్యాప్‌టాప్‌కు పెద్ద తెర ఉన్నది. ఒడ్డున కూర్చుండి ప్రయాణాన్ని ముందుగా గీసికొనుటకు దానిని మించినది లేదు. ఓపెన్ సి.పి.ఎన్. అనే ఉచిత ప్రోగ్రామును దానిలో వేసికొని సముద్రపటాలు చూడవచ్చును. కాని చాల ల్యాప్‌టాప్‌లలో ఉపగ్రహాలను వినే భాగమే ఉండదు; విడిగా ఒక రిసీవరు తగిలించవలెను. టాబ్లెట్ చేతిలో ఇముడును, తెర చాలినంత ఉండును. ఐతే కొనేటప్పుడు జాగ్రత్త అవసరం: సిమ్ వేయుటకు వీలులేని వైఫై టాబ్లెట్లలో చాలవాటికి, ఐప్యాడ్‌తో సహా, జి.పి.ఎస్. ఉండదు. దుకాణంలో వైఫై ఆధారంగా అది చుక్క చూపును; సముద్రంలో చూపదు. ఫోనులో అన్నియు ఉన్నవి, తెర మాత్రం చిన్నది. చిన్న తెర వలన వచ్చే ప్రమాదమేమో ముందు చెప్పబోయే వృత్తాంతం వలన తెలియును.

విద్యుత్తు సంగతి కూడ చూడవలెను. మరపడవలో యంత్రం తిరిగినంతసేపు బ్యాటరీ నిండుచుండును. తెరచాప పడవలో గాలియే యంత్రం. అది విద్యుత్తు ఇవ్వదు. 12 ఓల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒకటి ఉన్నదనుకొందము. దానిలో సగమే వాడుట బ్యాటరీకి మంచిది. అనగా 600 వాట్-అవర్లు. 50 వాట్ల ల్యాప్‌టాప్‌కు అది 12 గంటలు. 8 వాట్ల టాబ్లెట్‌కు 75 గంటలు. 3 వాట్ల ఫోనుకు 200 గంటలు. ఈ లెక్క వలననే తెరచాప పడవలవారు ల్యాప్‌టాప్‌ను ఒడ్డున ఆలోచనకు, ఫోనును నీటిమీద ఆచరణకు ఉంచుకొనుట తెలివి. మన నాటుపడవలో ఆ బ్యాటరీ కూడ ఉండదు. అక్కడ ఫోను చార్జి మాత్రమే ఆస్తి.

ఇక ఆ వృత్తాంతం. భూమి చుట్టూ సాగే వోల్వో ఓషన్ రేసు అనే పందెంలో 2014 నవంబరు 29 రాత్రి 'వెస్టాస్ విండ్' అనే తెరచాప ఓడ మారిషస్‌కు ఈశాన్యాన ఉన్న కార్గడోస్ కరజోస్ పగడపు దిబ్బలమీదికి పూర్తి వేగంతో ఎక్కి పగిలినది. ఓడలో తొమ్మండుగురున్నారు. అందరును ఆరితేరినవారే. అత్యుత్తమ పరికరాలున్నవి. తాము ఎక్కడ ఉన్నదీ వారికి మీటర్లతో సహా తెలియును. కాని ఎలక్ట్రానిక్ పటాన్ని కావలసినంత పెద్దది చేసి చూడలేదు. విశాలంగా చూచినప్పుడు ఆ దిబ్బల ప్రమాదం తెరమీద స్పష్టంగా కనబడదు. దగ్గరికి లాగి చూచిన కనబడును. పటాన్ని వాడిన తీరులోను, పటం తయారీలోను లోపమున్నదని విచారణ తేల్చినది. దైవవశాన తొమ్మండుగురును బ్రతికి బయటపడిరి. కాగితపు పటంలో చిన్న దిబ్బను కూడ చేతితో గీసినవాడు మరువడు. తెరమీది పటం మనం అడిగినంతే చూపును, అడగనిది దాచును. ఐదంగుళాల తెరమీద ఈ దోషం మరింత ఎక్కువ. అందుచేత గీసికొన్న దారి పొడుగునా పటాన్ని పెద్దది చేసి, వ్రేలితో నెమ్మదిగా జరుపుకొనుచు, ఆ చివరనుండి ఈ చివర వరకు ఒక్కసారియైనా చూడవలెను. విసుగు పుట్టించే పనియే, కాని తప్పదు.

మనకు పగడపు దిబ్బలు లేవు. మనకున్నవి ఇసుకమేటలు. కృష్ణ పాయలు తెచ్చిపోసే ఒండ్రు వలన నిజాంపట్నం వైపు సముద్రం చాలదూరం లోతు తక్కువ. మొగల వద్ద మేటలు ఒక వరదకు ఒకచోట, మరొక వరదకు ఇంకొకచోట ఉంటాయి. పటం గీసిననాటి లోతు నేటి లోతు కాదు.

నా అనుభవం ఒకటి చెప్పెదను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15నుండి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం. యంత్రం లేని నాటుపడవలకు అది వర్తించదు. ఆ రోజులలో ఒక మే నెలలో, మన విద్యార్థి ఒకడు తన తాత తెరచాప పడవలో నన్ను మొగ దాటించి సముద్రం చూపుదునని తీసికొనిపోయినాడు. నేను గర్వంగా ఫోనులో సముద్రపటం దించుకొని తెచ్చినాను. పోవునప్పుడు తెరమీద మా చుక్క నిండు నీలిరంగులో ఉన్నది. అంతలో పడవ అడుగు ఇసుకను రాచుకొని గరగరమన్నది. నేను తెర చూచి, "తాతా, ఇక్కడ లోతున్నట్లు ఉన్నదే!" అన్నాను. ఆయన గడకర్ర దింపి, నవ్వి, "అది పోయినేటి మాట మాస్టారూ. వరదొచ్చాక ఇక్కడ మేటేసింది" అన్నాడు. ఇద్దరు నీళ్ళలోకి దిగి నెట్టవలసివచ్చినది.

అంతటితో నాకు బుద్ధి వచ్చి ఉండవలసినది. రాలేదు. తిరుగుప్రయాణంలో పన్నెండు గంటల ఎండలో చెక్కమీద పెట్టిన ఫోను వేడెక్కి, చల్లారేదాకా పనిచేయనని ఒక హెచ్చరిక చూపి తెర నల్లబడినది. ఐఫోను వంటివాటిని 35 డిగ్రీల లోపు వేడిలో వాడుమని తయారీదారులే చెప్పుదురు. మన మే నెల ఎండ ఆ సలహాను ఆలకించదు. తీరం పలుచని గీతగా కనబడుచున్నది గాని మొగ ఎక్కడో నాకు తెలియలేదు. కాసేపు ఆగి ఫోను చల్లబరచి చూతమంటిని. "అది చల్లారేదాకా ఆగితే పాటు తీసేస్తుంది మాస్టారూ, ఇక మొగ దాటలేం" అని మనుమనివైపు తిరిగి, "తాడెయ్యరా" అన్నాడు. సీసపు గుండు కట్టిన తాడును వాడు నీటిలో విడిచి, "రెండు బారలు తాతా", "బారన్నర తాతా" అని చెప్పుచుండగా, ఆయన ఒడ్డున ఉన్న సరుగుడు తోపు కొసను, ఒక గుడిసె కప్పును ఒకే వరుసలోకి తెచ్చుకొని పడవను నడిపినాడు. పోటునీరు పూర్తిగా తీయకముందే లోపలికి వచ్చితిమి.

ఉప్పునీటి మాట కూడ ఇక్కడనే చెప్పవలెను. నీరు తగిలినా చెడదని ప్రకటించే ఫోనులను పరీక్షించేది మంచినీటిలో. చార్జింగు రంధ్రంలో ఉప్పునీరు చేరిన తుప్పు పట్టును. తడిచేతి వ్రేలిని తెర గుర్తించదు. అలజల్లు తెరమీద పడిన అది తనంతట తానే ఏవో మీటలు నొక్కుకొనును. పారదర్శకమైన నీరుదూరని సంచి ఒకటి, దానికి ఒక మొలత్రాడు, మరొక సంచిలో నిండుగా చార్జి చేసి ఆపివేసిన రెండవ ఫోను. వీటికయ్యే ఖర్చు కొద్దియే.

అంకెలు చెప్పుకొనుటలో వచ్చే ఒక పొరపాటును గూర్చి లెక్కల విద్యార్థులు ప్రత్యేకంగా గమనించగోరుదును. నిజాంపట్నం అక్షాంశం సుమారు 15 డిగ్రీల 54 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు గనుక దశాంశంలో అది 15.90. ఒకడు రేడియోలో "పదునైదు, యాభైనాలుగు" అని చెప్పగా, విన్నవాడు ఫోనులో 15.54 అని కొట్టినాడనుకొనుడు. తేడా 0.36 డిగ్రీ, అనగా 21.6 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. మొత్తం తేడా 40 కిలోమీటర్లు. రేవు అనుకొని పోయినవాడు నడిసముద్రంలో తేలును. ఆపదలో ఉన్న పడవను వెదకుటకు పోయినవాడైతే ఫలితమేమో చెప్పనక్కరలేదు.

తెరచాప పడవకే ప్రత్యేకమైన చిక్కు మరొకటున్నది. ఫోను గమ్యానికి తిన్నని గీత గీయును. గాలి గమ్యం వైపునుండియే వీచుచుండిన ఆ గీతమీద పడవ పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా కొంతసేపు కుడికి, కొంతసేపు ఎడమకు వంకరటింకరగా పోవలెను. అట్లు పది మైళ్ళ దూరం పదునాలుగు మైళ్ళగును. "మరి రెండు గంటలలో చేరుదురు" అని ఫోను చెప్పే మాట అప్పుడు నమ్మదగినది కాదు. దీనికి తోడు ప్రవాహం. మన తీరం వెంబడి ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకొనును: ఫిబ్రవరి మొదలు వర్షాకాలం వరకు ఎక్కువగా ఈశాన్యం వైపు, అక్టోబరు మొదలు చలికాలంలో నైరుతి వైపు. గంటకు ఒక మైలు ప్రవాహమైనా ఆరు గంటలలో పడవను ఆరు మైళ్ళు, అనగా 11 కిలోమీటర్లు పక్కకు లాగును. ఇక్కడ ఫోను నిజంగా గొప్ప మేలు చేయును. దిక్సూచి పడవ ముక్కు ఎటున్నదో చెప్పును. ఫోను పడవ నిజంగా ఎటు జరుగుచున్నదో చెప్పును. ఈ రెండింటికీ గల తేడాయే ప్రవాహం, గాలి కలిసి చేసే మోసం. రెండు పరికరాలను పక్కపక్కన ఉంచి చూచినవానికే ఇది తెలియును, ఒక్కదానినే నమ్మినవానికి తెలియదు. ఫోనులో కూడ దిక్సూచి ఉన్నదందురేమో. దగ్గర ఇనుము, లౌడుస్పీకరు అయస్కాంతం ఉన్న అది తప్పుదారి పట్టును. మామూలు దిక్సూచినైనా ఇనుముకు దూరంగా బిగించవలెను. మన తీరంలో అది చూపే ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా సుమారు ఒక డిగ్రీయే గనుక మనవారికి ఆ బాధ తక్కువ.

మన తెలుగు ఆడపడుచులు ఇద్దరు తెరచాప ఓడలో భూప్రదక్షిణం చేసినారని ఎందరికి తెలియును? భారత నౌకాదళానికి చెందిన 'తారిణి' అనే 55 అడుగుల ఓడలో ఆరుగురు స్త్రీ అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి 2018 మే 21న తిరిగి వచ్చిరి. ఆ ఆరుగురిలో విశాఖపట్నం వాస్తవ్యురాలు పి. స్వాతి, హైదరాబాదు వాస్తవ్యురాలు బి. ఐశ్వర్య ఉన్నారు. వారి ఓడలో ఉపగ్రహ సాధనాలన్నియు ఉన్నవి. ఐనను హిందూ మహాసముద్రంలో చుక్కాని యంత్రాంగం చెడగా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకొనవలసివచ్చినది. ఎటు పోవలెనో తెరమీద ఎంత స్పష్టంగా ఉన్నను చుక్కాని తిరగనిదే పడవ తిరగదు.

ఇదే నౌకాదళానికి చెందిన అభిలాష్ టోమీ 2018లో గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఒంటరిగా పాల్గొన్నాడు. ఆ పందెంలో 1968 నాటి సాధనాలు తప్ప వేరేవి వాడరాదు. దారి తెలుసుకొనుటకు సెక్స్‌టాంటు, కాగితపు పటాలే. ఆ సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు ఆయన పడవ స్తంభం విరిగి, వెన్ను దెబ్బతిని కదలలేని స్థితిలో పడినాడు. అప్పుడు ఆయన ఎక్కడ ఉన్నదీ లోకానికి తెలిపినది ఉపగ్రహ పరికరమే. ఫ్రెంచివారి నౌక ఒకటి వచ్చి రక్షించినది. నాలుగేండ్ల తరువాత మరల అదే పందెంలో పాల్గొని 2023లో రెండవ స్థానంలో ముగించినాడు. పాతవిద్య గొప్పదా, క్రొత్తవిద్య గొప్పదా అని వాదించే మిత్రులకు నేను ఈయన పేరే చెప్పుదును.

దారి చూపుటకంటె గొప్పదైన మేలు ఒకటి ఈ పరికరాలవలన కలుగవచ్చును. అది హెచ్చరిక. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఎట్లు ముంచినదో, రేపల్లె, బాపట్ల ప్రాంతాలకు ఎట్టి నష్టం కలిగించినదో మన ఇండ్లలోని పెద్దలకు జ్ఞాపకమే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపాననే తీరం దాటినది. ఇప్పుడు ఒడ్డున ఉన్నవానికి ఫోనులో వార్త చేరును. దూరసముద్రంలో ఉన్నవానికి చేరదు, టవరు లేదు గనుక. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు జాలరులకు జరిగినది ఇదే. ఆ దుఃఖంనుండి పుట్టినది 'జెమిని' అనే చిన్న పరికరం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి దీనిని 2019 అక్టోబరులో ప్రవేశపెట్టినవి. అది మన గగన్ ఉపగ్రహాలనుండి తుపాను హెచ్చరికలను, అలల ఎత్తును, చేపలు దొరకగల తావులను గ్రహించి బ్లూటూత్ ద్వారా ఫోనుకు అందించును. టవరు అక్కరలేదు. కాని అది ఒకవైపు దారి. పడవనుండి మనం ఏమీ పంపలేము. రెండువైపుల సందేశాలు నడిపే ట్రాన్స్‌పాండర్లను పడవలకు అమర్చే పని ఆ తరువాత మొదలైనది. ఆపదలో కేక పెట్టుటకు వి.హెచ్.ఎఫ్. రేడియోలో 16వ చానలు, ఫోను పలికే దూరంలో ఉన్న తీరరక్షక దళం వారి 1554 నంబరు ప్రతివారికీ కంఠతా రావలెను.

సముద్రం మీది సరిహద్దు కంటికి కనబడదు. 2018 నవంబరులో గుజరాతు తీరంలో పనికి పోయిన మన ఉత్తరాంధ్ర జాలరులు పాకిస్తానువారికి చిక్కి, వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఫోను పటంలో ఆ గీత గీసియుండిన, దానికి కొన్ని మైళ్ళ ముందుగానే కూతవేయునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. కూత విని పడవ త్రిప్పుట మాత్రం సరంగు చేతిలో ఉన్నది.

పడవలో ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉండవలెనని నా గట్టి నమ్మకం. గంటకొకసారి సమయం, అక్షాంశం, రేఖాంశం, పోవు దిక్కు, వేగం వ్రాసికొనిన, ఫోను ఆగిపోయిన క్షణంలో మనం దారి తప్పినవారము కాము. గడచిన గంటలోని ప్రయాణం మాత్రమే ఊహించుకొనవలసియుండును. రెండు నిమిషాల పని. చేసేవారు అరుదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఏప్రిల్‌లో మన పరీక్షలు ముగుస్తాయి, అప్పుడే వేట నిషేధం వచ్చి జాలరులకు తీరిక చిక్కుతుంది. ఆ రోజులలో నిజాంపట్నంలో ఒక ఆదివారం భౌతికశాస్త్ర విభాగం తరఫున తరగతి పెట్టుటకు అనుమతి కోరుచున్నాను. ఫోనును విమానపు గుర్తు నొక్కి టవరునుండి విడదీసి స్థానం చూచుట, పటం ముందుగా దించుకొనుట, డిగ్రీలను దశాంశంలోకి మార్చుట విద్యార్థులు నేర్పుతారు. చుక్కలను, మేటలను, పోటుపాటులను చదువుట జాలరులు నేర్పుతారు. కావలసిన సామగ్రి రెండు దిక్సూచులు, మన తీరపు కాగితపు పటం ఒకటి, సీసపు గుండు ఒకటి. తాడు కొని ఇచ్చిన దానికి బారల లెక్కన ముడులు వేసి ఇచ్చుటకు ఆ తాత ఒప్పుకొన్నాడు.